ఏఐ తన కరెంటు సమస్యని తనే తీర్చుకుంటుందా? డేటా సెంటర్ల కరెంటు, కూలింగ్ పని చేసేవాడిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఏఐ ఇప్పుడు ఎంత కరెంటు తాగినా పర్లేదు, రేపు అదే ఏఐ ఫ్యూజన్‌నో (సూర్యుడిలో జరిగేలా పరమాణు కేంద్రకాలని కలిపి కరెంటు తీయడం) కొత్త బ్యాటరీలనో తెచ్చిపెట్టి, గ్రిడ్‌ని తెలివిగా నడిపి తన ఖర్చు తనే పూడ్చేస్తుంది అని పెద్ద పెద్దవాళ్లు చెప్తున్నారు, నాకేమో నమ్మబుద్ధి కావట్లేదు, ఇది టెక్నాలజీ తెలియక వచ్చిన అనుమానమా, ఏఐ వాడటం తగ్గించుకోవాలా? నేను చాలా ఏళ్లుగా డేటా సెంటర్లలో (ఏఐ, ఇంటర్నెట్ సర్వర్లు పెట్టే పెద్ద భవనాల్లో) కరెంటు, కూలింగ్ పనే చూస్తున్నా, అంతకుముందు సబ్‌స్టేషన్ మెయింటెనెన్స్‌లో ఉన్నా, అంటే మీటరుకి అటూ ఇటూ రెండు వైపులా పనిచేశా, కాబట్టి కాస్త వివరంగానే చెప్తా.

సూటి జవాబు ముందు. మీ అనుమానం కరెక్టే. ఒక్కో పనికి పట్టే కరెంటుని ఏఐ తగ్గించగలదు, తగ్గిస్తోంది కూడా, నేను కళ్లారా చూశా. కానీ మొత్తం వాడకాన్ని తగ్గించడం దాని చేతిలో లేదు. ఎన్ని డేటా సెంటర్లు కట్టాలి, ఎంత తొందరగా కట్టాలి, వాటికి వేసే లైన్ల ఖర్చు ఎవరు భరించాలి, ఎండాకాలం సాయంత్రం గ్రిడ్ ఉక్కిరిబిక్కిరి అవుతుంటే ఎవరి లోడ్ తగ్గించాలి, మొత్తం ఎంత అనేది వీటి మీద ఉంటుంది, ఇవన్నీ మనుషులు కూర్చుని తేల్చుకునే విషయాలు. పైగా ఖర్చేమో ఈ ఏడాదిది, చెప్పే పరిష్కారమేమో పదేళ్ల తర్వాతది, ఈ మధ్యలో కాలే గ్యాసు, బొగ్గు సంగతి ఎవరూ మాట్లాడరు.

లెక్క ఎంతో ముందు చూద్దాం. అంతర్జాతీయ ఇంధన సంస్థ ఐఈఏ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిపి దాదాపు 415 టెరావాట్ అవర్లు, అంటే మన భాషలో 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. ప్రపంచం మొత్తం వాడిన కరెంటులో ఇది 1.5 శాతం. 2030 నాటికి ఇది 94,500 కోట్ల యూనిట్లకి, అంటే రెట్టింపు కన్నా ఎక్కువకి వెళ్తుందని వాళ్ల అంచనా, అప్పుడు కూడా వాటా 3 శాతం లోపే. ఇది చూసి కొందరు "ఇంతేనా" అంటారు. గ్రిడ్‌లో పనిచేసినవాళ్లు అలా అనరు, ఎందుకంటే ఈ లోడ్ ప్రపంచమంతా సమానంగా పరుచుకుని ఉండదు, కొన్ని చోట్ల గుంపుగా వచ్చి పడుతుంది. ఐర్లాండ్‌లో 2024లో మీటర్ల మీద నమోదైన కరెంటులో 22 శాతం డేటా సెంటర్లదే. అమెరికాలో 2023లో 4.4 శాతం, అది 2028కి 6.7 నుంచి 12 శాతం మధ్యకి వెళ్లొచ్చని అక్కడి లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ లెక్కగట్టింది. ఒక సబ్‌స్టేషన్ కింద వందల మెగావాట్లు ఒకేసారి అడిగితే ప్రపంచ సగటుతో ఎవరికీ పనిలేదు, ఆ ఒక్క ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్), ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా లేదా అన్నదే ప్రశ్న.

మీరు వాడటం తగ్గించుకోవాలా అన్నారు కదా. టెక్స్ట్ ప్రశ్నల వరకైతే దాని గురించి బాధపడొద్దు. గూగుల్ 2025 ఆగస్టులో చెప్పిన లెక్క ప్రకారం వాళ్ల ఏఐ జెమినిలో ఒక మామూలు టెక్స్ట్ ప్రశ్నకి 0.24 వాట్ అవర్ అవుతుంది, చాట్‌జీపీటీకి 0.34 అని అదే ఏడాది దాన్ని చేసిన ఓపెన్‌ఏఐ సీఈఓ శామ్ ఆల్ట్‌మన్ రాశాడు. 0.24 అంటే ఒక యూనిట్ కరెంటుతో నాలుగు వేల పైచిలుకు ప్రశ్నలు. ఏడాదిలో ఈ ఖర్చుని 33 రెట్లు తగ్గించామని కూడా గూగుల్ చెప్పింది. ఇక్కడ ఒక జాగ్రత్త, ఆ లెక్కలో మోడల్‌ని ట్రెయిన్ చేయడానికి (అంటే మొదట డేటాతో నేర్పించడానికి) పట్టిన కరెంటు లేదు, వీడియోలు చేయించడం లాంటివీ లేవు. అయినా ఒక మనిషి అడిగే నాలుగు ప్రశ్నలు అసలు సమస్య కాదు, ఈ విషయంలో జనం కోపం కొంచెం తప్పు చోట పడుతోందని నా అభిప్రాయం.

ఇప్పుడు అదే కంపెనీ మొత్తం మీటరు చూడండి. గూగుల్ తన పర్యావరణ రిపోర్టులోనే రాసుకుంది, 2024లో వాళ్ల డేటా సెంటర్ల కరెంటు వాడకం అంతకుముందు ఏడాది కన్నా 27 శాతం పెరిగింది అని. (వాళ్లకి రావాల్సిన క్రెడిట్ ఇవ్వాలి, క్లీన్ ఎనర్జీ కొనుగోళ్ల వల్ల ఆ డేటా సెంటర్ల కరెంటు తాలూకు కార్బన్ లెక్క 12 శాతం తగ్గిందని కూడా అందులోనే ఉంది.) ప్రపంచంలో బాగా పొదుపుగా డేటా సెంటర్లు నడిపేవాళ్లు, సొంత చిప్‌లు ఉన్నవాళ్లు, డీప్‌మైండ్ అనే సొంత ఏఐ ల్యాబ్ చేతిలో ఉన్నవాళ్లు, వాళ్ల మొత్తమే ఆ ఏడాది పావు వంతు పైన పెరిగింది. ఒక్కోదానికి ఖర్చు తగ్గితే మొత్తం తగ్గాలి కదా అనిపిస్తుంది, జరిగేది దానికి రివర్స్. 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ బొగ్గు గురించి ఇదే చెప్పాడు, ఆవిరి ఇంజన్లు పొదుపుగా మారేకొద్దీ బొగ్గు వాడకం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇంతకుముందు గిట్టుబాటు కాని చోట కూడా ఇంజన్ పెట్టడం మొదలైంది. 2025 జనవరిలో చైనా కంపెనీ డీప్‌సీక్ తక్కువ ఖర్చుతో మోడల్ చేసిందని మార్కెట్లు కంగారుపడినప్పుడు మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల ఆ జెవన్స్ పేరే ఎత్తాడు, ఏఐ చవకైతే వాడకం ఆకాశానికి వెళ్తుంది అని, ఆయనకది శుభవార్త. కరెంటు సరఫరా చూసేవాడికి అదే మాట ఇంకోలా వినిపిస్తుంది.

ఇక్కడ మీతో ఎవరైనా వాదిస్తే ఒక గట్టి పాయింట్ తెస్తారు, అది నిజం కూడా, కాబట్టి ముందే చెప్తా. 2010 నుంచి 2018 మధ్య ప్రపంచ డేటా సెంటర్ల పని 550 శాతం పెరిగితే కరెంటు పెరిగింది 6 శాతమే, ఇది 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క. "అప్పుడూ ఇలాగే భయపడ్డారు, ఏమీ కాలేదు, ఇప్పుడూ అంతే" అంటారు. అప్పుడు ఎందుకు కాలేదో ఆ పనిలో ఉన్నాం కాబట్టి మాకు తెలుసు. ఆఫీసుల్లో మూలన పడి ఉన్న చిన్న చిన్న సర్వర్ రూములు, సగానికి సగం ఖాళీగా తిరిగే మెషీన్లు, వేడి గాలి చల్ల గాలి కలిసిపోయే కూలింగ్, ఇదంతా పెద్ద క్లౌడ్‌లలోకి మారిపోయింది, ఒక్క సర్వర్ మీద పది సర్వర్ల పని ఎక్కింది. అంటే అంతకుముందున్న వృథా అంత ఘోరంగా ఉండేది. ఆ వృథా ఒక్కసారే తీసేయగలం, రెండోసారి తీయడానికి అక్కడ మిగల్లేదు.

దీన్ని కొలిచే లెక్క ఒకటుంది, పీయూఈ అంటాం. డేటా సెంటర్‌లోకి వచ్చే మొత్తం కరెంటుని సర్వర్లకి వెళ్లే కరెంటుతో భాగిస్తే వచ్చేది. 1.0 వస్తే కూలింగ్‌కీ మిగతావాటికీ ఏమీ పోలేదని అర్థం. పెద్ద కంపెనీల కొత్త సెంటర్లు ఇప్పటికే 1.1 దగ్గరున్నాయి. పరిశ్రమ సగటు మాత్రం అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ సర్వేల్లో కొన్నేళ్లుగా 1.5 పైనే ఆగిపోయింది.

2016లో డీప్‌మైండ్ గూగుల్ కూలింగ్ ఖర్చుని 40 శాతం వరకు తగ్గించింది అనే వార్త మీరు చదివే ఉంటారు, ఏఐ తన సమస్య తనే తీర్చుకుంటుంది అనే వాదన చాలాచోట్ల అక్కడి నుంచే మొదలవుతుంది. అది నిజమైన, మంచి పని. కానీ 40 శాతం దేంట్లో? కూలింగ్‌లో, మొత్తంలో కాదు. పీయూఈ 1.1 ఉన్న చోట సర్వర్లకి 100 యూనిట్లు పోతే మిగతా అన్నిటికీ కలిపి 10, ఆ పది మొత్తం కూలింగే అనుకున్నా అందులో 40 శాతం అంటే 4 యూనిట్లు. మొత్తం 110లో 4. ఏడాదికి 27 శాతం పెరిగే చోట ఈ పొదుపు రెండు నెలల పెరుగుదలకి సరిపోతుంది, మూడో నెల నుంచి మళ్లీ మామూలే.

నేను పనిచేసిన ఒక సెంటర్ సంగతి చెప్తా, పేరు అనవసరం. అక్కడ చిల్లర్లు (నీళ్లని చల్లబరిచే మెషీన్లు), పంపులు, కూలింగ్ టవర్ ఫ్యాన్లు అన్నీ చేత్తో సెట్ చేసి వదిలేసినవి, ఎప్పుడో ఎవరో పెట్టిన సెట్‌పాయింట్ (ఉంచాల్సిన టెంపరేచర్) మీద ఏళ్ల తరబడి నడుస్తున్నాయి, ఎవరూ ముట్టుకోరు ఎందుకంటే ముట్టుకుని ఏదైనా అయితే తల పోతుంది. మెషీన్ లెర్నింగ్ మీద నడిచే కంట్రోల్ పెట్టాం. మొదట్లో సలహా మాత్రమే ఇచ్చేది, ఆపరేటర్ చూసి మార్చేవాడు, నమ్మకం కుదిరాక కొన్ని హద్దుల లోపల దానికే వదిలేశాం. బాగా పనిచేసింది, చల్లనీళ్ల టెంపరేచర్ కాస్త పెంచి, బయట వాతావరణాన్ని బట్టి ఎన్ని చిల్లర్లు నడపాలో అదే తేల్చుకునేది, కూలింగ్ బిల్లు కళ్లకి కనపడేంత తగ్గింది. మధ్యలో ఒక టెంపరేచర్ సెన్సర్ తప్పు చూపించడం మొదలుపెడితే దాన్నే నమ్మి ఒక సర్వర్ హాల్‌కి గాలి తగ్గించబోయింది, అనుభవమున్న షిఫ్ట్ ఆపరేటర్ ఆ హాల్‌లోకి నడిచి వెళ్లి చూసి ఆపాడు. అందుకే ఆ హద్దులు ఎత్తేయమని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను.

అసలు విషయం దాని తర్వాత జరిగింది. మిగిలిన కరెంటు ఏమైంది? మంజూరైన లోడ్‌లో కొంత ఖాళీ అయింది కదా అని మేనేజ్‌మెంట్ వెంటనే అక్కడ కొత్త ర్యాకులు (సర్వర్లు పేర్చే అల్మారాలు) దింపింది. బిజినెస్ పరంగా అది సహజం, కొత్త కనెక్షన్ కోసం ఏళ్లు ఆగే బదులు ఉన్నదాంట్లోనే ఇంకో ఆదాయం. కానీ గ్రిడ్ వైపు నుంచి చూస్తే మా మీటరు ఒక్క యూనిట్ కూడా తగ్గలేదు. ఇది ఆ ఒక్క చోట జరిగింది కాదు, ఈ ఫీల్డ్‌లో ఎవరినడిగినా ఇలాంటిదే ఒకటి చెప్తారు. పొదుపు రిపోర్టులో శాతం కనిపిస్తుంది, మీటరు మీద మొత్తం మాత్రం అలాగే ఉంటుంది. ఏఐ పొదుపు చేసింది, ఆ పొదుపుని ఏం చేయాలో నిర్ణయించింది మనుషులు.

ఇంకో పక్క సర్వర్లే మారిపోయాయి. ఒకప్పుడు ఒక ర్యాక్ అంటే ఐదు పది కిలోవాట్లు. ఎన్విడియా కంపెనీ ఏఐ చిప్ హెచ్100 ఒక్కటే 700 వాట్లు, దాని తర్వాత వచ్చిన జీబీ200 ర్యాకులు ఒక్కోటి దాదాపు 120 కిలోవాట్లు లాగుతాయి, గాలితో వీటిని చల్లార్చలేం, చిప్ పక్కకే నీళ్లు తీసుకెళ్లాలి.

ఇక టైము సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. డేటా సెంటర్‌ని రెండేళ్లలో లేపేయొచ్చు. దానికి కావాల్సిన పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డర్ పెడితే ఇప్పుడు రెండు నుంచి నాలుగేళ్లు పడుతోంది. హైవోల్టేజ్ లైన్ వేయాలంటే భూమి, అనుమతులు, కోర్టు కేసులు అన్నీ దాటుకుని చాలా దేశాల్లో పదేళ్లు కూడా అవుతుంది. ఏ మోడల్ ఎంత తెలివైనదైనా ట్రాన్స్‌ఫార్మర్‌కి కాయిల్ చుట్టే మనిషినీ, దానికి కావాల్సిన స్టీల్‌నీ, పొలం మధ్యలో టవర్ వేయడానికి రైతు ఒప్పుకోలునీ పుట్టించలేదు. కనెక్షన్ దరఖాస్తుల స్టడీలని ఏఐ వేగం చేయగలదు, అది ఉపయోగపడే పనే, ఆ తర్వాత మాత్రం క్రేన్లూ కాంక్రీటూ రావాల్సిందే. కంపెనీలకి ఇది బాగా తెలుసు, వాళ్లు డబ్బు పెడుతున్న చోట్లు చూడండి. అమెరికాలో 2019లో మూతపడిన త్రీ మైల్ ఐలాండ్ యూనిట్ 1 అణు ప్లాంటుని మళ్లీ తెరిపించడానికి మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్‌లో 20 ఏళ్ల ఒప్పందం చేసుకుంది, 835 మెగావాట్లు. గూగుల్ కైరోస్ పవర్ అనే కంపెనీతో చిన్న అణు రియాక్టర్ల ఒప్పందం చేసుకుంది, 2035 నాటికి 500 మెగావాట్లు. ఏఐ తన సమస్య తీర్చుకుంటుందని నిజంగా నమ్మేవాళ్లు పాత అణు ప్లాంటుకి 20 ఏళ్లు కట్టుబడరు.

ఫ్యూజన్ గురించి కూడా అడిగారు. 2022లో డీప్‌మైండ్ వాళ్లు స్విట్జర్లాండ్‌లో ఒక టోకమాక్‌లో (ఫ్యూజన్ ప్రయోగాలు చేసే యంత్రం) ప్లాస్మా, అంటే బాగా వేడెక్కిన వాయువు, ఆకారాన్ని ఏఐతో నియంత్రించి చూపించారు, గొప్ప పని, నేను తక్కువ చేయను. కానీ ఇవాల్టికి గ్రిడ్‌కి కరెంటు ఇచ్చే ఫ్యూజన్ ప్లాంటు ప్రపంచంలో ఒక్కటీ లేదు. 2030 లోపు వచ్చే లోడ్‌కి దాన్ని జవాబుగా చెప్పకూడదు. గూగుల్ మాజీ సీఈఓ ఎరిక్ ష్మిట్ 2024లో, వాతావరణ లక్ష్యాలు ఎలాగూ అందుకోలేం, ఏఐని ఆపడం కన్నా ఏఐ ఈ సమస్యని తీరుస్తుందని పందెం కాయడమే మేలు అనే అర్థంలో మాట్లాడాడు. నాకు అభ్యంతరం అక్కడే. పందెం గెలిస్తే లాభం వాళ్లది, ఓడిపోతే ఆ వేడి భరించేది వేరేవాళ్లు.

ఏఐ వల్ల నిజంగా ఉపయోగం ఉన్న చోట్లు లేవా అంటే ఉన్నాయి, వాటిని కొట్టిపారేస్తే మనం కూడా అబద్ధం చెప్పినట్టే. గాలి ఎప్పుడు ఎంత వీస్తుందో 36 గంటల ముందు చెప్పి 700 మెగావాట్ల విండ్ కరెంటు విలువని దాదాపు 20 శాతం పెంచామని 2019లో డీప్‌మైండ్ చెప్పింది, గాలి పెరగలేదు, ముందే తెలిసింది కాబట్టి ఆ కరెంటుకి మంచి విలువ వచ్చింది. ఉన్న లైన్ల మీదే సెన్సర్లు పెట్టి, గాలీ ఎండా చూసి ఏ గంటకి ఎంత కరెంటు పంపొచ్చో తేలిస్తే ప్రపంచం మొత్తం మీద 175 గిగావాట్ల వరకు ట్రాన్స్‌మిషన్ సామర్థ్యం బయటపడొచ్చని ఐఈఏ అంచనా. ఇది నాకు చాలా నమ్మకం ఉన్న పని, లైన్లో పనిచేసినవాడికి తెలుసు, చల్లగాలి వీచే రాత్రి ఒక లైన్ తీగ కాగితం మీద రాసిన రేటింగ్ కన్నా చాలా ఎక్కువ మోయగలదు.

అన్నిటికన్నా ఆశ ఉన్నది ఇంకోటి, అవసరమైన గంటల్లో డేటా సెంటర్లే తగ్గడం. 2025 ఫిబ్రవరిలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా గ్రిడ్ మీద ఒక లెక్క వేశారు, కొత్త పెద్ద లోడ్‌లు ఏడాదిలో తమ వాడకంలో 0.25 శాతం వదులుకుంటే చాలు, ఉన్న గ్రిడ్ మీదే 76 గిగావాట్లు చేర్చొచ్చట. ట్రెయినింగ్ పని రెండు మూడు గంటలు నెమ్మదిస్తే కొంపలేం మునగవు. అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎమరాల్డ్ ఏఐ అనే కంపెనీ జీపీయూల (ఏఐ పని చేసే చిప్‌ల) గుంపు మీద చేసి చూపించింది, మూడు గంటల పాటు 25 శాతం తగ్గించి పని నాణ్యత కాపాడింది. టెక్నికల్‌గా ఇది మాకు కొత్తేమీ కాదు, ఏ పని ఆపొచ్చో ఏది ఆపకూడదో సర్వర్లకి పనులు పంచే సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. మరి ఎందుకు జరగలేదు ఇన్నాళ్లూ? కాంట్రాక్టుల్లో రాసుకోలేదు కాబట్టి. కస్టమర్‌కి ఇచ్చిన హామీలో ఒక్క నిమిషం కూడా తగ్గదని ఉంటుంది, తగ్గితే పెనాల్టీ, తగ్గించినందుకు గ్రిడ్ ఇచ్చేది చాలాచోట్ల పెద్దగా ఉండదు, ఇక ఏ మేనేజర్ ఒప్పుకుంటాడు. 2025లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 75 మెగావాట్లు దాటిన కొత్త లోడ్‌లు ఎమర్జెన్సీలో తగ్గాల్సిందే అని చట్టం చేసింది, గూగుల్ కూడా రెండు కరెంటు కంపెనీలతో ఏఐ లోడ్ తగ్గించే ఒప్పందాలు చేసుకుంది. ఇలాంటివి కాగితం మీదకి వచ్చాక కదులుతున్నాయి.

2024 జులై 10న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో జరిగింది కూడా తెలుసుకోండి, మా ఫీల్డ్‌లో అందరూ చదవాల్సిన ఘటన. 230 కేవీ లైన్ మీద లైట్నింగ్ అరెస్టర్ (పిడుగుల నుంచి లైన్‌ని కాపాడేది) ఫెయిలైంది, లైన్ తనంతట తను మళ్లీ మళ్లీ కలపబోయి వరసగా వోల్టేజ్ పడిపోయింది. డేటా సెంటర్ల యూపీఎస్‌లలో నిమిషంలో మూడుసార్లు ఇలా అయితే బ్యాకప్‌కి వెళ్లిపో, మనిషి వచ్చి మార్చేదాకా అక్కడే ఉండు అని సెట్టింగ్ ఉంది. ఎవరికి వాళ్లు తమ సర్వర్లు కాపాడుకోవడానికి పెట్టుకున్నదే, తప్పు పట్టలేం. కానీ అందరూ అదే పని చేయడంతో దాదాపు 1,500 మెగావాట్ల లోడ్ ఒక్కసారిగా గ్రిడ్ నుంచి మాయమైంది, వోల్టేజ్ పైకి లేచింది, ఆపరేటర్లు పరుగుల మీద సర్దారు. కరెంటు చాలకపోవడం ఒక్కటే ప్రమాదం కాదు, ఇంత పెద్ద లోడ్ ఒకేలా ప్రవర్తించడం కూడా ప్రమాదమే. దీనికి మందు గ్రిడ్ వాళ్లూ డేటా సెంటర్ వాళ్లూ ఒకచోట కూర్చుని సెట్టింగ్‌లు కలిపి చూసుకోవడమే.

ఖర్చు ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. అమెరికా తూర్పున పీజేఎం అనే గ్రిడ్‌లో కెపాసిటీ వేలం (అవసరానికి సిద్ధంగా ఉండమని ప్లాంట్లకి ముందే డబ్బు కట్టే వేలం) ధర 2025/26కి ఒక్కసారే 9 రెట్లు దాటి పెరిగింది, పాత ప్లాంట్లు మూతపడటం, రూల్స్ మారడం కూడా కారణాలే కానీ డేటా సెంటర్ల డిమాండ్ అందులో ఒక పెద్ద కారణం, చివరికి అది ఇళ్ల బిల్లుల్లోకే వస్తుంది. దీనికి పనిచేసిన విరుగుడు ఒహాయో రాష్ట్రంలో కనిపించింది. 2025లో అక్కడ ఒక రూల్ పెట్టారు, పెద్ద డేటా సెంటర్ అడిగిన కరెంటులో 85 శాతానికి వాడినా వాడకపోయినా డబ్బు కట్టాలి, అదీ ఏళ్ల తరబడి. దాంతో అక్కడ కనెక్షన్ కోసం క్యూలో ఉన్న 30,000 మెగావాట్ల దరఖాస్తులు 13,000కి పడిపోయాయి. సగానికి పైగా ఊరికే పెట్టుకున్నవే అన్నమాట. ఏ ఏఐ కంట్రోల్ సిస్టమూ ఒక్క దెబ్బకి అంత తగ్గించడం నేను చూడలేదు, ఒక టారిఫ్ ఆర్డర్ తగ్గించింది.

కాబట్టి ఈసారి ఎవరైనా మీ దగ్గర ఈ మాట అంటే "ఏఐ మంచిదా చెడ్డదా" అనే వాదనలోకి దిగొద్దు, నాలుగు విషయాలు అడగండి. ఈ శాతం దేంట్లో శాతం, కూలింగ్‌లోనా మొత్తం మీటరులోనా? మిగిలిన కరెంటు గ్రిడ్‌కి తిరిగొచ్చిందా, కొత్త ర్యాకులకి పోయిందా? వంద శాతం గ్రీన్ అంటే ఏడాది మొత్తానికి కలిపి లెక్కా, గంట గంటకా (రాత్రి గాలి లేనప్పుడు ఏది కాలింది)? కొత్త లైన్, సబ్‌స్టేషన్ ఖర్చు ఎవరు కట్టారు?

నా అభిప్రాయం మారదా అంటే మారుతుంది. ఏదైనా ఒక పెద్ద ఏఐ కంపెనీ, వ్యాపారం పెరుగుతున్న ఏడాదిలోనే, తన లోడ్‌ని అద్దె సెంటర్లకో వేరే దేశానికో తోసేయకుండా, మొత్తం యూనిట్లు తగ్గాయని థర్డ్ పార్టీ ఆడిట్‌తో చూపిస్తే ఆ రోజు ఈ జవాబు నేనే మార్చి రాస్తా. అప్పటిదాకా నేను శాతాల కన్నా మీటరు రీడింగ్‌నే నమ్ముతా.